డైరెక్టర్ గారి రంగుల ప్రాంప్ట్

తలాస్
ఏప్రిల్ 9

జీపార్ ఎజేకి,

సలామ్. బిష్కెక్ బస్సు ఎక్కుతూ మీరొక మాట అన్నారు. "ఫోన్ చెయ్యకు పిల్లా. ఫోన్‌లో నువ్వు సగంసేపు ఏడుస్తావు, మిగతా సగంసేపు క్షమించమంటావు, అసలు సంగతి మిగిలిపోతుంది. ఉత్తరం రాయి." అందుకని కంప్యూటర్లోనే అయినా ఉత్తరంలాగే రాస్తున్నాను. మిమ్మల్ని ఎజే అంటాను గానీ, సొంత అక్కకైనా ఇంత పొడుగ్గా రాయను. మా ఇంట్లో నాకంటే పెద్దవాళ్ళెవరూ నాలుగో తరగతి దాటలేదు కాబట్టి, రాసినా చదివే ఓపిక ఎవరికీ లేదు.

కాలువల ఆఫీసులో మీ కుర్చీ ఇప్పుడు నాది. కుర్చీ కుడిపక్కకి వాలుతుందని మీరు చెప్పలేదు. ప్రొబేషన్ వేసవి చివరిదాకా. అది గడిస్తే ఉద్యోగం ఖాయం. ఈ ఖాయం అన్న మాట కోసం ఇంట్లో నాకంటే ఎక్కువగా ఎదురుచూస్తున్నది మా చెల్లి బురుల్. తనకి ఈ సంవత్సరం బడి అయిపోతుంది. కాలేజీకి పంపమంటే నాన్న, "మీ అక్క చదువు ఏ గట్టుకి చేరిందో చూసి పంపుతా" అన్నారు. కోపంగా అనలేదు. గొర్రెల్ని కొండ మీదికి తోలేముందు మంచు ఎక్కడిదాకా కరిగిందో చూసే మనిషి, ఇదీ అలాగే చూస్తున్నారు.

ఇక అసలు సంగతి. జూన్‌లో మన డైరెక్టర్ మేదెర్‌బెక్ సాదీరోవిచ్ అగాయ్‌కి అరవై నిండుతాయి. డిప్యూటీ కెనెష్ బైకే (మీకు కెనెష్, నాకు అన్న వరస) ఆ సందర్భంగా ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌కీ ప్రాంప్ట్ మార్చారు. ఇదివరకు టెర్మినల్లో కమాండ్ కొట్టేచోట ఒక డాలర్ గుర్తు మాత్రం ఉండేది. ఇప్పుడు ప్రతి కమాండ్‌కీ ముందు ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో "మాననీయ మేదెర్‌బెక్ సాదీరోవిచ్ వర్ధిల్లాలి" అని వస్తుంది. చివర పొట్టేలు కొమ్ము ఆకారంలో ముగ్గు.

అప్పటినుంచి టెర్మినల్‌కి పిచ్చెక్కింది. నేను తూములకిచ్చే కమాండ్ పొడుగైనది కదా, ఒక్కో తూముకీ తెరువు, మూసి అని రాసుకుంటూ పోతే మూడు వరసలు వస్తుంది. రోజూ కొత్తగా కొట్టకుండా పైబాణం నొక్కి నిన్నటి కమాండ్ తెచ్చుకుని మార్చుకుంటాను, మీరు నేర్పినట్టే. ఇప్పుడలా తెస్తే వరసలు ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నాయి. చెరిపిన అక్షరం చెరగకుండా అక్కడే ఉంటుంది. కర్సర్ ఒకచోట మెరుస్తుంది, అక్షరం ఇంకోచోట పడుతుంది. తప్పు నాదేనా ఎజే? నా కళ్ళదా?

మీ
కానిషాయ్

బిష్కెక్
ఏప్రిల్ 12

కానిషాయ్,

తప్పు నీ కళ్ళది కాదు. నీ కళ్ళు మేకపిల్ల కళ్ళు, శుభ్రంగా ఉంటాయి. కుర్చీ సంగతి ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు దాన్ని బాగుచేయించడానికి అర్జీ పెట్టేదానివి, ఆ అర్జీ మీద కెనెష్ ఆరు నెలలు బతికేవాడు.

విను. నీ కమాండ్‌ని చదివి నడిపే ప్రోగ్రాంని షెల్ అంటారు, దానికి కళ్ళు లేవు. అది తెరని చూడదు, లెక్కపెడుతుంది. ప్రాంప్ట్‌లో ఇన్ని అక్షరాలు, కమాండ్‌లో ఇన్ని, కాబట్టి వరస ఇక్కడ అయిపోయి ఉంటుంది అని అనుకుంటుంది. రంగు మార్చమని చెప్పే గుర్తుల్ని కూడా అక్షరాలతోనే రాస్తారు, కానీ అవి తెరమీద కనబడవు, వాటి రంగు మాత్రమే కనబడుతుంది. "వీటిని లెక్కలో వేసుకోకు" అని షెల్‌కి చెప్పాలంటే ప్రతి రంగు గుర్తుకీ అటూ ఇటూ బ్రాకెట్లు పెట్టాలి. కెనెష్ పెట్టలేదు. అందుకని షెల్ రంగుని కూడా అక్షరాల్లో కలిపేసుకుంటోంది. నిజంగా సగం వరస ఖాళీగా ఉండగానే వరస నిండిందనుకుని మొదటికి పోతుంది. ఆ తర్వాత నువ్వు చూసేదొకటి, అది నడిపేదొకటి.

ప్రతి బ్రాకెట్‌కీ ఒక వెనక్కి వాలిన గీత తగిలించాలి, అంతే పని. టీ చల్లారేలోపు అయిపోతుంది. ఆ మహానుభావుడికి చెప్పు. అందాకా కమాండ్‌ని ఒక ఫైల్లో రాసుకుని నడుపు, తెరని నమ్మకు.

అవునుగానీ, ప్రాంప్ట్‌లో డైరెక్టర్ గారి భార్య పేరు లేదేం? ఆవిడకి తెలిస్తే కెనెష్ పని ఏమవుతుందో.

జీపార్

తలాస్
ఏప్రిల్ 23

ఎజే,

కెనెష్ బైకేతో మాట్లాడాను. మాటలు మాటలుగానే రాస్తున్నాను, నాకు కలిపి చెప్పడం రాదు.

"బైకే, ప్రాంప్ట్‌లో బ్రాకెట్లు పెట్టాలి."

"దేని చుట్టూ?"

"అగాయ్ పేరుకి వేసిన రంగుల చుట్టూ."

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు. "అగాయ్ పేరుని బ్రాకెట్లలో పెడతావా? బ్రాకెట్లలో ఎవర్ని పెడతారో తెలుసా? పదవి పోయినవాళ్ళని."

"పేరుని కాదు బైకే. రంగుల్ని. పైకి కనబడవు కూడా."

"కనబడనిది పెట్టడం దేనికి?"

"రంగులు లెక్కలోకి రాకుండా."

"అంటే అగాయ్ రంగులు నీ లెక్కలోకి రావన్నమాట." పక్కనున్న అకౌంటెంట్ సయీప్‌జమాల్ ఎజే వైపు తిరిగి, "విన్నావా, నిన్నగాక మొన్న కొండ దిగిన పిల్ల, అగాయ్ పేరు పొడుగైందంటోంది" అన్నారు. ఆవిడ చేతిలోని వేయించిన బూర్సోక్ ముక్క కిందపెట్టి తలూపింది. తర్వాత మళ్ళీ తీసుకుని తింది.

ఫైల్లో రాసి నడుపుతున్నానని కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. డైరెక్టర్ గదిముందు, వచ్చినవాళ్ళు కూర్చునేచోట పెద్ద తెర బిగించారు. నా టెర్మినల్ అక్కడ ప్రత్యక్షంగా కనబడుతుంది. ఫైల్ నడిపితే అగాయ్ పేరు ఒక్కసారే కనబడుతుందట. చేత్తో కొడుతూ, మధ్యమధ్యలో మళ్ళీ మొదలుపెడితే చాలాసార్లు కనబడుతుంది. కాబట్టి ఫైళ్ళు నిషిద్ధం. నోటీసు బోర్డు మీద కూడా పెట్టారు.

నిన్న చెక్కబొమ్మలాంటి గద్దనొకదాన్ని పేరు పక్కన కలిపారు. గద్ద చాలా బాగుంది. వరసలు ఇంకా బాగా తికమకపడుతున్నాయి.

నేను చేత్తోనే, ప్రతి రోజూ కొత్తగా కొడుతున్నాను. నెమ్మదిగా అవుతోంది కానీ ఇంతవరకు ఒక్క తూమూ తప్పలేదు.

కానిషాయ్

బిష్కెక్
మే 2

కానిషాయ్,

నీ ఉత్తరం మా ఆఫీసులో చదివి వినిపించాను. పేర్లు మార్చాన్లే. ఇక్కడి వాళ్ళకి కెనెష్ నచ్చాడు. ఇంకో భాగం ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు.

నవ్వు సంగతి పక్కనపెట్టు. నువ్వు ఆయనకి చెప్పిన మాట కాగితం మీద రాసి, తేదీ వేసి, స్వీకృతి ముద్ర వేయించుకో. ఆయన ముద్ర వెయ్యకపోతే సయీప్‌జమాల్ వేస్తుంది, ఆవిడకి ముద్ర కొట్టడమంటే ఇష్టం.

నిన్నటి కమాండ్‌ని మాత్రం పైబాణంతో తేవద్దు. ఎంత తొందరైనా సరే.

జీపార్

తలాస్
జూన్ 17

ఎజే,

చాలా రోజులైంది రాసి. కాగితం మీద రాసి ముద్ర వేయించుకోమన్నారు. వేయించుకోలేదు. కొత్తగా చేరి రెండు నెలలు కాకముందే పైఅధికారి మీద కాగితం పెట్టినట్టుంటుందని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోవడం కుదరని పరిస్థితి వచ్చింది.

శనివారం అగాయ్ షష్టిపూర్తి విందు. కాలువ పక్కన పచ్చికలో, ఏడో తూము కిందిభాగంలో ఉన్ని గుడారాలు వేశారు. జిల్లా పెద్దలు, బిష్కెక్ నుంచి ఇద్దరు, పక్క లోయ నుంచి పాటగాళ్ళు. ఆ రోజు మిగతా తూములన్నీ మామూలుగా తెరిచి, ఏడు మాత్రం మూసి ఉంచాలి. ఎనిమిదో తూము నీళ్ళు చిక్కుడు రైతులకి, వాళ్ళ వంతు ఆరోజే.

పొద్దున్నే కొత్తగా కొట్టడం మొదలుపెట్టాను. కెనెష్ బైకే కొత్త కోటు వేసుకుని వచ్చారు. "ఇంకా అవలేదా? కారు బయల్దేరుతోంది. నువ్వు టీ పొయ్యాలి."

"నేనా బైకే?"

"మరి నేను పోస్తానా? నిన్నటిది తీసుకుని మార్చి కొట్టు, పద."

నేను పైబాణం నొక్కాను. ఇందులో దాపరికం లేదు. నిన్నటి కమాండ్‌లో ఏడు తెరిచి ఉంది. దాని దగ్గరికి వెళ్ళి తెరువు చెరిపి మూసి అని కొట్టాను. తెరమీద ఏడు పక్కన మూసి అని కనబడింది. పైకి కిందికి చూశాను, అంతా సరిగ్గా ఉంది. కారు హారన్ కొట్టారు. ఎంటర్ నొక్కాను.

నేను మార్చింది ఎనిమిదో తూముని. ఏడు తెరిచే ఉంది.

గుడారంలో నేనే టీ పోస్తున్నాను ఎజే. అగాయ్‌కి ఎర్ర మఖ్మల్ చపాన్ కోటు కప్పుతున్నారు. పాటగాడు ఆయన్ని లోయకే నీళ్ళిచ్చిన మనిషంటూ పాడుతున్నాడు. అప్పుడే తివాచీ కింద ఏదో కదిలింది. మొదట ఒక ముసలమ్మ, "నా మోకాళ్ళు తడిగా ఉన్నాయేంటి" అంది. ఆ తర్వాత టీ కాగే సమోవార్ పక్కకి వాలింది. బూర్సోక్‌లు తేలుతూ వరసగా తలుపువైపు వెళ్ళాయి. జిల్లా పెద్ద కాళ్ళు పైకెత్తి కూర్చుని, ఎత్తినవి దించకుండా అభినందన పూర్తిచేశాడు. పాటగాడు ఆపలేదు. లోయకి నీళ్ళిచ్చిన మనిషి అన్న చరణం మళ్ళీ అందుకున్నాడు, తాళం తప్పకుండా.

చిక్కుడు రైతులు సాయంత్రానికి ఆఫీసు చుట్టూ చేరారు, వాళ్ళకి చుక్క రాలేదు.

సోమవారం నా ముందు ఒక కాగితం పెట్టారు. "నా అజాగ్రత్త వల్ల, చదువుకున్న జ్ఞానం చాలక, తప్పు కమాండ్ ఇచ్చాను" అని టైపుచేసి ఉంది. కింద సంతకం పెట్టమన్నారు. పెడితే ఉద్యోగం అక్కడితో ముగుస్తుంది. చదువుకున్న జ్ఞానం చాలక అన్న మాట నాన్న చెవిన పడితే బురుల్ సంగతి కూడా అక్కడితో ముగుస్తుంది. ఇంకా పెట్టలేదు.

ఏం చెయ్యమంటారు?

కానిషాయ్

బిష్కెక్
జూన్ 19

కానిషాయ్,

సంతకం పెట్టకు. తలనొప్పి అను, పెన్ను లేదను, ముత్తాత చనిపోయాడను, ఏదైనా అను, పెట్టకు.

కాళ్ళు దించని జిల్లా పెద్దని తలుచుకుని నిన్న వంటింట్లో ఒక్కదాన్నే నవ్వాను. తర్వాత నీ గురించి ఆలోచించి నవ్వు పోయింది.

వాళ్ళు కంప్యూటర్లో దాచిన కమాండ్‌ని చూపిస్తారు. అందులో నీ పేరు, ఏడు తెరువు అనే ఉంటుంది. అది నిజమే, నడిచింది అదే. కాబట్టి దాంతో వాదించకు. నువ్వు చూపించాల్సింది, తెరమీద నీకేం కనబడిందో. దాన్ని జనం ముందు మళ్ళీ చేసి చూపించాలి. ప్రాంప్ట్ ఇంకా అలాగే ఉంది కదా? కెనెష్‌కి అది తన మీదే సాక్ష్యమని తెలీదు, అందుకే తియ్యడు. తియ్యమని నువ్వూ అడక్కు.

జీపార్

తలాస్
జూలై 1

ఎజే,

చూపించాను. ఎలా జరిగిందో మీరు ఊహించలేరు, నేనూ ఊహించలేదు.

మొన్న ఆఫీసుకి వెళ్ళేసరికి సైకిళ్ళు పెట్టేచోట ఒక గొర్రెని కట్టే పగ్గం మాత్రం ఉంది. దాని పక్కన బెంచీ మీద మా నాన్న. పక్కన చపాన్ చుట్టి తెచ్చిన గుడ్డ, ఖాళీగా ఉంది. బస్సులో ఎవరో చెప్పారట, మీ అమ్మాయి డైరెక్టర్ విందుని ముంచిందని. నాన్న నన్ను అడగలేదు. మంచి గొర్రెని ఎంచుకుని, అమ్మ కుట్టిన కొత్త చపాన్ తీసుకుని, తప్పుకి సమాధానం చెప్పుకోవడానికి వచ్చేశారు. నేను రాకముందే అగాయ్‌కి చపాన్ కప్పి, గొర్రెని అప్పగించి, ఆశీర్వాదం కూడా తీసుకున్నారు.

"ఆతా, నన్ను అడగాల్సింది."

"అడిగితే వద్దనేదానివి."

"తప్పు నాది కాదు."

"చెయ్యి ఎవరిది?"

"చెయ్యి నాదే. తెర తప్పు చూపించింది."

నాన్న పగ్గం వైపు చూశారు. "గొర్రెని అప్పుడే కోశారమ్మా" అన్నారు.

అగాయ్ పిలిచారు. మాంసం వాసన మెట్ల దాకా వస్తోంది, ఆయన మంచి ఉత్సాహంలో ఉన్నారు. క్షమించడం ఆయనకి బాగా కుదురుతుంది ఎజే, ముఖం గుండ్రంగా వెలుగుతుంది. "మీ నాన్న పెద్దమనిషి. ఇక నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టెయ్, మనమంతా భోంచేద్దాం" అన్నారు.

నేను, "అగాయ్, సంతకం ముందు మీరొకసారి నా కంప్యూటర్ దగ్గర కూర్చోండి. మీ ఇష్టమొచ్చింది కొట్టండి, ఎంత పొడుగైనా" అన్నాను. కెనెష్ బైకే, "అగాయ్‌కి తీరిక లేదు" అన్నారు. నాన్న పక్కనే నిలబడి ఉన్నారు. ఇంటికొచ్చిన పెద్దమనిషి ముందు, గొర్రె తెచ్చినవాడి ముందు, తీరిక లేదనడం ఏ డైరెక్టర్‌కీ కుదరదు.

అగాయ్ ఒకే వేలితో కొట్టడం మొదలుపెట్టారు. ఏం కొడుతున్నారా అని చూస్తే తనకి తనే ఆశీర్వచనం. "మేదెర్‌బెక్ పిల్లాపాపలతో, గుర్రాలతో, పచ్చికలతో..." వరస సగంలో ఉండగానే అక్షరాలు గిర్రున మొదటికి తిరిగి ప్రాంప్ట్ మీద పడ్డాయి. గుర్రాలతో అన్న మాట మాననీయ మీద కూర్చుంది. పచ్చికలతో అన్న మాట ఆయన పేరుని పూర్తిగా కప్పేసింది. చివరికి "గుర్రాలతో పచ్చికలతో వర్ధిల్లాలి" అని మిగిలింది, పక్కన గద్ద.

"నా పేరేది?" అన్నారు అగాయ్.

"తెర చిన్నది అగాయ్," అన్నారు కెనెష్ బైకే.

పెద్ద తెర మీద కూడా అదే కనబడుతున్నట్టుంది, బయట కూర్చున్న చిక్కుడు రైతుల నవ్వు వినబడింది. అగాయ్ ముఖం ఎరుపు, పసుపు రెండూ అయింది. ఏడో తూము సంగతి, నా సంగతి, ఆయన ఒక్క మాట కూడా అడగలేదు. "నెలల తరబడి నా పేరుని జంతువులచేత తొక్కించావా కెనెష్?" అన్నారు.

ఇప్పుడు కొత్త కాగితం తయారైంది. కెనెష్ బైకే కావాలనే, డైరెక్టర్ గారిని అవమానించాలనే దురుద్దేశంతో ప్రాంప్ట్ పాడుచేశారని నేను సాక్షిగా రాసివ్వాలి. ఇస్తే నా ఉద్యోగం ఈ వారమే ఖాయమవుతుంది. పాత కాగితం చింపేస్తామన్నారు.

నాన్న భోజనానికి ఆగకుండా బస్సెక్కారు. పగ్గం మాత్రం తీసుకెళ్ళారు.

కానిషాయ్

బిష్కెక్
జూలై 2

కానిషాయ్,

పెట్టు సంతకం. ఈసారి రెండు చేతుల్తో పెట్టు.

కెనెష్ గురించి బాధపడకు. అతను దురుద్దేశంతో చెయ్యలేదని నాకూ తెలుసు, అతనికి దురుద్దేశం పట్టేంత చోటు బుర్రలో లేదు. కానీ నిన్ను ముంచడానికి ఆ పాత కాగితం టైపు చేయించింది అతనే కదా. చదువుకున్న జ్ఞానం చాలక అన్న మాట ఎవరిదనుకున్నావు? నేను అక్కడ ఐదేళ్ళు కూర్చున్నాను, అతని భాష గుర్తుపడతాను. ఒక్క మాట అటూఇటూ అయితే ఏం, బురుల్ కాలేజీకి వెళుతుంది. ఇందులో ఆలోచించాల్సింది ఏముంది?

జీపార్

తలాస్
జూలై 8

జీపార్ ఎజేకి,

సలామ్.

షెల్ తెరమీద ఒకటి చూపించి ఇంకోటి నడుపుతుందని నాకు నేర్పింది మీరు. ఆ పనే నన్ను కాగితం మీద చెయ్యమంటున్నారు. నా కుర్చీలో కూర్చుని నవ్వుకుంటూ నవ్వుకుంటూ ఐదేళ్ళు గడిపారు కాబట్టి మీకది చిన్న విషయం. నా ఉత్తరాలు మీ ఆఫీసులో చదివి వినిపించినప్పుడు కూడా మీకది చిన్న విషయమే. ఇది కూడా వినిపించండి, అభ్యంతరం లేదు.

నేను మూడు పేజీలు రాసిచ్చాను. రంగు గుర్తులకి బ్రాకెట్లు లేవని, అందువల్ల షెల్ లెక్క తప్పిందని, కెనెష్ బైకేకి ఆ సంగతి చెప్పినా అర్థం కాలేదని, ఆయనకి అగాయ్‌ని సంతోషపెట్టాలనే తప్ప వేరే ఉద్దేశం లేదని రాశాను. ఎంటర్ నొక్కింది నేనేనని, నిన్నటి కమాండ్ తేవద్దని తెలిసీ తొందరలో తెచ్చానని కూడా రాశాను.

అగాయ్ మొదటి పేజీ తిప్పి, వెనకవైపు ఏమైనా ఉందేమోనని చూశారు. "ఇందులో దోషి ఎవరు?" అన్నారు.

"బ్రాకెట్లు, అగాయ్."

"బ్రాకెట్లని ఉద్యోగంలోంచి తీసెయ్యమంటావా?"

ఆగస్టు నెలాఖరులోపు రెండు కాగితాల్లో ఏదో ఒకదాని మీద సంతకం పెట్టాలి, రెండోదైతేనే ఉద్యోగం ఖాయం, మొదటిదైనా, ఏదీ కాకపోయినా ఇంటికే. అంతే.

సాయంత్రం గేటు దగ్గర కెనెష్ బైకే ఆపారు. "నా మీద రాయలేదట. ఎందుకు? నీకేం కావాలి?"

"ఏమీ వద్దు బైకే."

"అందరికీ ఏదో ఒకటి కావాలి. చెప్పు, అన్నకి నిద్ర పట్టేలా చెప్పు."

"ప్రాంప్ట్ తీసెయ్యండి."

"అది మాత్రం," అన్నారాయన, చాలా బాధగా, "అగాయ్ ఆర్డర్ లేకుండా నా వల్ల కాదు."

కానిషాయ్

బిష్కెక్
జూలై 13

కానిషాయ్,

నీ ఉత్తరం ఎవరికీ వినిపించలేదు.

రెండుసార్లు జవాబు రాసి చెరిపేశాను, రెండింట్లోనూ జోకులున్నాయి. నువ్వన్నది సరైన మాట. నిన్ను సంతకం పెట్టమన్నది కూడా నీ మంచి కోసమే అనుకున్నాను, కానీ నాకు తొందరగా తేలిపోయే జవాబులంటే ఇష్టం. నవ్వించే జవాబులూ అంతే.

మూడు పేజీల నకలు ఒకటి దగ్గర ఉంచుకున్నావా? ఉంచుకో. అడగడానికే రాశాను.

జీపార్

తలాస్
ఆగస్టు 26

ఎజే,

నకలు ఉంచుకున్నాను. అది ఇంటికి పంపాను, నాన్నకి నేనేం చేశానో వేరేవాళ్ళు చెప్పకముందే తెలియాలని. జవాబు రాలేదు. మా ఇంట్లో జవాబులు రాయరు.

మీ మీద కోపం లేదు. ఆరోజు ఉంది.

సోమవారం చిక్కుడు రైతుల మీటింగు. ఆఖరి తడి ఎవరికి ముందు ఇవ్వాలన్న గొడవ, ఆక్సాకాల్‌లు, తెల్లగడ్డం పెద్దలందరూ డైరెక్టర్ గదిముందు కూర్చున్నారు. నేను నీటి వంతుల జాబితా పట్టుకుని నిలబడ్డాను. నాన్న లోపలికొచ్చారు. చేతిలో పగ్గం ఉంది, దాని చివర ఏమీ లేదు.

"సలామాలేకుం అగాయ్. నా గొర్రె కోసం వచ్చాను."

అగాయ్‌కి అర్థం కాలేదు. "ఏ గొర్రె, ఆక్సాకాల్?"

"మా అమ్మాయి తప్పు చేసిందని నేను తెచ్చింది. తప్పు లేదని ఇప్పుడు తెలిసింది. తప్పు లేకుండా గొర్రెని ఇవ్వడం మా పద్ధతి కాదు, తీసుకోవడం మీ పద్ధతి కాదు. చపాన్ ఉంచుకోండి, మా ఆవిడ కుట్టింది, మీకు బాగుంది."

పెద్దలు మీసాలు సవరించుకున్నారు. కెనెష్ బైకే, "ఆ గొర్రెని అందరం కలిసి తిన్నాం కదా పెద్దాయనా" అన్నారు.

"అందరూనా?"

"అగాయ్, నేను, సయీప్‌జమాల్, డ్రైవరు..."

"అయితే బాగానే పంచుకున్నారు," అన్నారు నాన్న, పగ్గం చుట్టుకుంటూ. "తప్పు కోసమని తెచ్చిన గొర్రె మీ కడుపుల్లోకి పోయింది. తప్పు కూడా దాంతోపాటే పోయి ఉంటుంది. మరి దాన్ని ఇంకా మా అమ్మాయి కాగితాల్లో ఎందుకు వెతుకుతున్నారు?"

ముందు నవ్వింది ఆరోజు నీళ్ళు రాని రైతు, జానాలీ అనే ముసలాయన. ఆయన నవ్వితే మిగతావాళ్ళు ఆగలేదు. అగాయ్ అందరి ముఖాలూ చూశారు. ఇంతమంది పెద్దల ముందు మాట పడితే కోపగించుకునేవాడు చిన్నవాడవుతాడు, నవ్వేవాడే పెద్దవాడవుతాడు. ఆయన పెద్దవాడు కావాలనుకున్నారు. పొట్ట పట్టుకుని నవ్వి, "కెనెష్, ఆ రెండు కాగితాలూ తీసెయ్, ఇంకోసారి ఈయన వస్తే నా దగ్గర కక్కడానికి కూడా ఏమీ లేదు" అన్నారు. తర్వాత నా వైపు చూడకుండానే, "పిల్లని ఉండనివ్వండి" అన్నారు.

ఖాయం చేసే ఆర్డర్ మీద మధ్యాహ్నమే ముద్ర పడింది. సయీప్‌జమాల్ ఎజే కొట్టింది, రెండుసార్లు. ప్రాంప్ట్ కూడా తీసేశారు. ఇప్పుడు డాలర్ గుర్తు ఒక్కటే ఉంది, వరసలు ఉండాల్సిన చోట ఉంటున్నాయి. పెద్ద తెరలో గుర్రాల పోటీలు చూస్తున్నారు.

సంతోషించాలి, సంతోషించాను. కానీ ఎజే, నేను రాసిన మూడు పేజీలని ఆ ఆఫీసులో ఎవ్వరూ చదవలేదు. గొర్రె మాట అందరూ విన్నారు. బస్సు దగ్గరికి నడుస్తూ నాన్నతో ఈ మాటే అన్నాను.

"నేను చదివాను," అన్నారు.

"మీరా?"

"నాకు నెమ్మది కదా, సగం తర్వాత బురుల్ చదివి వినిపించింది. రంగుల సంగతి నాకు అంతుబట్టలేదు. దానికి అర్థమైంది, బల్ల మీద వేలితో గీసి చూపించింది." కాసేపు నడిచారు. "నిన్ను ముంచాలనుకున్నవాడి మీద అబద్ధం రాయలేదన్నది మాత్రం నాకు ఎవరూ గీసి చూపించక్కర్లేదు."

బస్సు వచ్చేసింది. మెట్టు మీద కాలు పెట్టి ఆగి, చొక్కా లోపలి జేబులోంచి ఒక కాగితం తీశారు. కాలేజీలో చేరే దరఖాస్తు, బురుల్ రాతలో అన్నీ నింపి ఉన్నాయి.

"తండ్రి సంతకం అని ఉంటుందట," అన్నారు. "ఎక్కడ పెట్టాలో ఇప్పుడే చూపించు. రేపు అక్కడ కౌంటర్ దగ్గర జనం ముందు వెతుక్కోను."

చూపించాను. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. నాన్న తొందరపడలేదు. బస్సు తలుపుకి కాగితం ఆనించి, ఒక్కో అక్షరమే రాసుకుంటూ పోయారు.

మీ
కానిషాయ్